చెవుల్లో మోత: లేదు

రోజూ సాయంత్రం ఏడింటికి నా ఫోన్ టింగుమంటుంది. ఆ వేళకు గదిలో ముగ్గురం ఉంటాం. చప్పుడు మాత్రం ఇద్దరికే వినబడుతుంది. నాకు, మూడేళ్ళ మా బిడ్డకు. ఫోన్ మా ఆయన మోకాలి పక్కనే ఉన్నా ఆయన తల తిప్పడు. బిడ్డ పరుగెత్తుకెళ్ళి రెండు చేతులతో ఆయన గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంటుంది. అప్పుడు తెలుస్తుంది ఆయనకు, ప్రశ్నల వేళ అయిందని.

ఆ ప్రశ్నలు ఆసుపత్రివాళ్ళు నా ఫోన్లో వేసి ఇచ్చిన యాప్‌లోవి. క్యాన్సర్ వైద్యం నడిచినన్ని రోజులూ, ఆ తర్వాత ఏడాదిపాటూ, ఒంట్లో ఏ బాధ ఎంత ఉందో అందులో రోజూ నొక్కాలి. మొత్తం పద్నాలుగు ప్రశ్నలు. పదకొండో ప్రశ్నకు నేను ముప్పై ఎనిమిది రోజులు ఒకే జవాబు నొక్కాను. ఆ జవాబు తప్పు. దాని గురించి ఎక్కడో ఒకచోట ఉన్నదున్నట్టు రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. యాప్‌లో రాయడానికి చోటు లేదు, రంగులు నొక్కడమే. అందుకని ఇద్దరూ పడుకున్నాక వంటింటి లైటు కింద కూర్చుని ఈ నోటుబుక్కులో రాస్తున్నాను.

మేముండేది సూరత్‌లో, గోడాదరాలో. ఒకటే గది, దాన్ని ఆనుకుని చిన్న వంటిల్లు. కిందా పక్కనా వెనక వీధిలోనూ మరమగ్గాల షెడ్లే. మరమగ్గాన్ని మావాళ్ళు సాంచ అంటారు. మా ఆయన పదహారో ఏట ఊరు విడిచి వచ్చి సాంచాల పనిలో చేరాడు. ఇప్పుడు ముప్పై అయిదు. నేను డిగ్రీ దాకా చదివాను, కెమిస్ట్రీ తీసుకుని. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఈ చప్పుడుకు తల పగిలిపోయేది. బిందెలో నీళ్ళు రోజంతా సన్నగా వణుకుతూ ఉండేవి. పని లేనప్పుడు వాటినే చూస్తూ కూర్చునేదాన్ని.

ఒకసారి మధ్యాహ్నం అన్నం పట్టుకుని ఆయన పనిచేసే షెడ్డుకు వెళ్ళాను. లోపల చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా వినబడదు. అయినా అందరూ మాట్లాడుకుంటున్నారు. గొంతుతో కాదు, పెదవులతో. తలుపు దగ్గరున్న మనిషి నన్ను చూసి ఊరికే పెదవులు కదిపాడు. ఎనిమిది సాంచాల అవతలినుంచి ఇటే చూస్తున్న మా ఆయన నవ్వాడు. మిగతావాళ్ళూ నవ్వారు. ఇంటికొచ్చాక అడిగాను.

“ఏమన్నడు ఆయన? అందరు నన్ను జూసి నవ్విన్రు.”

“నీ పెండ్లాం అన్నం తెచ్చింది, మొఖమైతె మాడ్చుకున్నది, కూర గూడ మాడిందో ఏమో జూస్కో అన్నడు.”

“గంత దూరంకెళ్ళి గదంత ఇనవడ్డదా నీకు?”

“ఇనుడేంది? సూసుడు. షెడ్డుల చెవులతోని ఏం పని?”

ఇంట్లో మాత్రం ఆయన ఎప్పుడూ పెద్దగా మాట్లాడేవాడు. టీవీ పెడితే పక్క వాటాలవాళ్ళకు కూడా వినబడేది. చెవుల్లో ఎప్పుడూ గుయ్యిమంటూ ఉంటుందని చెప్పేవాడు. “ఆదివారం సాంచాలు బందు వెడ్తరు. నా చెవులల్ల మాత్రం బందుగాదు” అనేవాడు, అదేదో గొప్పలాగా. ఆ షెడ్డులో అందరికీ అంతే. అరచేతిలో కాయలు కాసినట్టు చెవిలో మోత. దాన్ని రోగమని ఎవరూ అనుకోరు. నేను కూడా అనుకోలేదు. మూడుసార్లు పిలిస్తే గాని పలకకపోతే “చెవిటోడా” అని ముద్దుగా తిట్టేదాన్ని. ఆ మాట ఇప్పుడు ఇంట్లో ఎవరూ అనం.

రాత్రి షిఫ్టులో నిద్ర రాకుండా దవడన తంబాకు పెట్టుకోవడం ఆయనకు మొదటినుంచీ ఉన్న అలవాటు. గొంతు బొంగురుపోయి రెండు నెలలైనా తగ్గలేదు. మెడ పక్కన గడ్డ చేతికి తగిలింది. ముక్క తీసి పరీక్షకు పంపారు. గొంతు క్యాన్సర్ అన్నారు. ఏడు వారాలు వారానికి ఐదు రోజులు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టాలి, మూడు వారాలకొకసారి కీమో మందు కలిపిన పెద్ద సెలైన్ ఎక్కించాలి, అలాంటివి మొత్తం మూడు. డాక్టరు హిందీలో చెప్పిన వాటిలో ఒక్క మాట మా ఆయన మనసులో నాటుకుంది. మధ్యలో ఒక్కరోజు కూడా ఆగకూడదు.

బస్సులో వస్తూ నాకు విడమరిచి చెప్పాడు. “సాంచ నడుమల ఆపి మల్ల నడిపిస్తె బట్ట మీద అడ్డంగ గీత పడ్తది. మనకు అప్పుడు కనవడది. రంగుల ముంచినంక కనవడ్తది. గా గీత ఎన్ని నీళ్ళల్ల గుంజినా పోదు. గిది గూడ గసుంటిదే. ఆపొద్దు.”

వైద్యం మొదలుపెట్టే ముందు చేయించాల్సిన పరీక్షలు చీటీ మీద ఐదు రాసి ఇచ్చారు. నాలుగు అయ్యేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. ఐదోది చెవుల పరీక్ష. వేరే అంతస్తు, అక్కడ మళ్ళీ వరుస. బిడ్డ ఆకలికి ఏడుస్తోంది. నేను తెచ్చిన పాలు అప్పటికే విరిగిపోయాయి.

“గొంతుకు రోగమొస్తె చెవులేంటికి జూస్తరే? పా, ఇంటికి పోదాం” అన్నాడు.

బిడ్డను ఎత్తుకుని మెట్లు దిగాను. ఆ చీటీని ఫైల్లో అన్నిటికన్నా అడుగున పెట్టాను. తర్వాత దాన్ని ఎవరూ అడగలేదు. మేమూ చెప్పలేదు.

యాప్‌ను ఫోన్లో వేసింది ఆసుపత్రి కౌంటర్లో కూర్చునే అమ్మాయి. “దీదీ, మీరు చదువుకున్నవాళ్ళేగా?” అని హిందీలో అడిగింది. అవునని కొంచెం నిటారుగా కూర్చుని చెప్పాను. ఆ వరుసలో చాలామంది తమ ఫోన్లను చేతుల్లో పట్టుకుని అయోమయంగా ఉన్నారు. యాప్ గుజరాతీలో, హిందీలో, ఇంగ్లీషులో ఉంది. తెలుగులో లేదు. రోజూ హిందీలో చదివి ఆయనకు తెలుగులో అడిగి నొక్కాలి. ప్రతి ప్రశ్న కింద మూడు గుండ్రాలు. లేదు అయితే పచ్చది, కొంచెం అయితే పసుపు, ఎక్కువ అయితే ఎర్రది. ఎర్రది పడితే మర్నాడు పొద్దున నర్సు ఫోన్ చేస్తుంది.

మొదటి సెలైన్ ఎక్కుతున్నప్పుడు సంచి మీద మందు పేరు చదివాను. ప్లాటినం కలిసిన మందు. కాలేజీలో ఆ లోహం గురించి ఒక పేజీ చదువుకున్నాను, పరీక్షలో రాశాను కూడా. ఆ సంచి వైపు తెలిసినవాళ్ళను చూసినట్టు చూశాను. అది చెవుల్లోకి పోయి కూర్చుంటుందని ఆ పేజీలో లేదు.

ఆ సాయంత్రమే మొదటిసారి ప్రశ్నలు వచ్చాయి. వాంతులు, జ్వరం, నోట్లో పుండ్లు, మింగడం కష్టమా, వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా. ఒక్కొక్కటీ అడుగుతూ పోయాను.

“పదకొండోది. చెవులల్ల గంట మోగినట్టు, ఈల ఏసినట్టు సప్పుడైతుందా?”

ఆయన నవ్వాడు. అప్పటికింకా నవ్వితే గొంతు నొప్పి లేదు. “అయితలేదా మరి! పందొమ్మిదేండ్ల సంది అయితనే ఉన్నది. గాళ్ళకు సెప్పు, గోడాదరల సగం మందికి గీ సెలైన్ ఎక్కించాల్నని.”

“నగకు. ఏం వొత్తాలె?”

“అది సాంచ సప్పుడు. మందు సప్పుడు గాదు. లేదని వొత్తు.”

నేను కూడా ఆలోచించాను. ఆలోచించకుండా నొక్కానని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. ఈ యాప్ అడిగేది మందు వల్ల వచ్చే బాధలు. ఆయన చెవుల మోత మందుకు ముందునుంచీ ఉన్నది. దాన్ని ఎక్కువ అని నొక్కితే రోజూ ఎర్రది పడుతుంది, రోజూ నర్సు ఫోన్ చేస్తుంది, అసలు బాధ వచ్చినప్పుడు వాళ్ళకు విసుగొస్తుంది. చదువుకున్నదానిలా అన్నీ విడదీసి చూసుకున్నాననుకున్నాను. లేదు అని నొక్కాను. గుండ్రం పచ్చగా మారింది.

రెండో వారం దాటాక నోట్లో పుండ్లు లేచాయి. నాలుక మీద తెల్లగా పొర కట్టింది. జావ కూడా గుటక పడడం లేదు. నేను ఎర్రది నొక్కాను. మర్నాడు నర్సు ఫోన్ చేసింది. డాక్టరు చూసి, పూతమందు ఇచ్చి, రెండు రోజులు కరెంటు ఆపారు. మంచే జరిగింది. కానీ ఇంటికొచ్చాక ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు బట్టలు మడత పెడుతుంటే వచ్చి నా ముందు నిలబడ్డాడు.

“గీత పడ్డది. నువ్వే ఏసినవ్” అన్నాడు.

ఆ తర్వాత ఏడింటికి నా పక్కనే కూర్చోవడం మొదలుపెట్టాడు. ఏది పసుపో ఏది పచ్చో ఆయనే చెప్పేవాడు. అంతా అయ్యాక ఫోన్ తీసుకుని, ఎక్కడా ఎరుపు లేదని చూసుకుని ఇచ్చేవాడు. షెడ్డులో బట్ట దిగాక తప్పులున్నాయేమోనని గజం గజం చూసినట్టు చూసేవాడు. నాకు భయం వేసేది. అయినా ఆయన నోట్లో పుండ్లు మాన్తున్నాయి కదా, కరెంటు ఆగకుండా నడుస్తోంది కదా అని ఊరుకున్నాను.

రెండో సెలైన్ తర్వాత ఇంట్లో మాట తగ్గిపోయింది. ఆయనకు గొంతు పెగిలేది కాదు. గుసగుసగా రెండు మాటలు, లేదంటే చెయ్యి చూపించడం. మేమూ ఆయన్ని మాట్లాడించకూడదని ఊరుకునేవాళ్ళం. పిలిస్తే పలకకపోవడం గొంతు వల్లేనని నేను అనుకున్నాను. అన్నిటికీ గొంతే కారణంగా కనబడింది నాకు.

ఒకరోజు పొయ్యి పక్కనే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను కింద నల్లా దగ్గర ఉన్నాను. పైకి వచ్చేసరికి కుక్కర్ ఎన్ని కూతలు వేసిందో, ఇల్లంతా మాడు వాసన. ఆయన నా ముఖం చూసి కంగారుగా లేచాడు. నీరసంలో కునుకు పట్టిందేమో అనుకున్నాను.

బిడ్డ విషయంలో మాత్రం ఊరుకోలేకపోయాను. అప్పుడు దానికి రెండున్నరేళ్ళు. అప్పుడప్పుడే మాటలు కలుపుతోంది. “బాపూ” అంటూ ఆయన వెనకాల నిలబడి పిలిచేది. పిలిచి పిలిచి ఏడుపు లంకించుకునేది. ఆయన కిటికీలోంచి చూస్తూ అలాగే కూర్చునేవాడు.

“పొల్ల గింత మొత్తుకుంటుంటె ఉల్కవు పల్కవు. రోగం నీకొక్కనికే వచ్చిందా? అది ఏం పాపం జేసింది?” అని అరిచాను ఒకరోజు. ఆయన నా నోటివైపు చూశాడు. కళ్ళవైపు కాదు. కోపంతో కళ్ళు కలపడం లేదనుకున్నాను.

కింది వీధిలో లారీ హారన్ కొడితే ఆయన తల తిప్పేవాడు. డాక్టరు లావు గొంతుతో అడిగినవాటికి తలూపేవాడు. అందుకే నాకు అనుమానం రాలేదు. నాకంటే ముందు బిడ్డకు తెలిసింది. వెనకనుంచి పిలవడం మానేసింది. ఎదురుగా వెళ్ళి, గడ్డం పట్టుకుని, ముఖం తనవైపు తిప్పుకుని, అప్పుడు చెప్పేది. ఎంత ముద్దొస్తోందో అనుకున్నాను. ఫోటో కూడా తీశాను.

మూడో సెలైన్‌కు ఇంకో నాలుగు రోజులు ఉందనగా, ఒక ఆదివారం, ఆయనతో పక్క సాంచాల మీద పనిచేసే మనిషి చూడటానికి వచ్చాడు. మా ఊళ్ళ వైపువాడే. ఇద్దరూ ఒకరినొకరు బావా అనుకుంటారు, నన్ను చెల్లె అంటాడు. రెండు కొబ్బరిబోండాలు తెచ్చాడు. ఆయన ఎదురుగా కింద కూర్చుని, గొంతు తీయకుండా షెడ్డులో మాదిరిగా పెదవులతో మాట్లాడటం మొదలుపెట్టాడు. మా ఆయన భుజాలు కదిలేలా నవ్వాడు. వారాల తర్వాత ఆ నవ్వు చూశాను. వంటింట్లోంచి తొంగిచూసి అడిగాను.

“అన్నా, ఏం జెప్పినవ్? నాగ్గూడ జెప్పు.”

“బావ సాంచాల మీద సేఠు కొత్త పోరన్ని వెట్టిండు చెల్లె. వాడు దినాం పోగులు తెంపుకుంట కూసుంటుండు. సేఠు వచ్చి బావ చెప్పులకు మొక్కిపోతుండు. షెడ్డులనే ఇడిసిపోయిండు గద ఆ చెప్పులు.”

నేను కూడా నవ్వాను. ఆ వచ్చిన మనిషి లేచి నీళ్ళకని వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. ముఖంలో నవ్వు లేదు.

“ఎన్ని దినాల సంది చెల్లె?”

“ఏంది అన్నా?”

“నేను వచ్చినప్పుడు తలుపుకాడ నిలవడి రెండుసార్లు పిలిచిన. బావ తిరగలే. ముంగటికి పోయినంకనే సూసిండు. గందుకే గొంతు తీయకుంట పెదవులతోని మాట్లాడిన. ఒక్క మాట ఇడువలే, అన్ని పట్టుకున్నడు.”

“గొంతు నొప్పికి పలుకుతలేడు అన్నా.”

“పలుకుటానికి గొంతు గావాలె. తిరిగి సూసుటానికి గొంతెందుకమ్మా?” అని వెనక్కి తిరిగాడు. మా ఆయన అటువైపు తిరిగి బోండాంలోంచి లేత కొబ్బరి గీరుకుంటున్నాడు. మామూలు గొంతుతో, మాకు నాలుగడుగుల దూరంలో ఉన్న మనిషితో అన్నాడు. “బావా, సేఠు నిన్ను పనికెళ్ళి తీసేసిండు. రేపటి సంది రావద్దన్నడు.”

నేల మీద ఆడుకుంటున్న బిడ్డ తలెత్తి చూసింది. మా ఆయన కొబ్బరి గీరుకుంటూనే ఉన్నాడు.

ఆ మనిషి వెళ్ళాక ఎదురుగా కూర్చుని అడిగాను. నిదానంగా, పెదవులు బాగా కదుపుతూ. “ఎప్పటి సంది ఇనవడ్తలేదు?”

తల దించుకుని రెండు వేళ్ళు చూపించాడు. రెండో సెలైన్.

“మరి చెప్పవా? దినాం అడుగుతున్నగద, చెవులల్ల సప్పుడైతుందా అని.”

గుసగుసగా, మాటమాటకూ గుటక వేస్తూ చెప్పాడు. “సప్పుడు పెరిగింది. పొద్దుమాపు ఈలేసినట్టే. చెప్తె ఎర్రది వొత్తుతవ్. మల్ల ఆపుతరు. ఇంకొక్కటే సెలైన్ గద, అయిపోయినంక చెప్దామనుకున్న.” బిడ్డవైపు చూశాడు. “నువ్వు మాట్లాడితె పెదవులు సూసి తెల్సుకుంటున్న. పొల్లదే తెలుస్తలేదు. దానికింక పెదవులు తిరుగుతలేవు.”

ఆ సాయంత్రం పదకొండో ప్రశ్నకు ఎర్రది నొక్కాను. ఆయన పక్కన కూర్చుని చూశాడు, అడ్డం చెప్పలేదు.

మర్నాడు చెవుల పరీక్ష చేశారు. ఫైలు అడుగున ఉన్న పాత చీటీయే ఇచ్చాను. అది కొత్తదో పాతదో చూడకుండానే తీసుకున్నారు. అద్దాల గదిలో ఆయన్ని కూర్చోబెట్టి చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించారు. చప్పుడు వినబడితే చెయ్యెత్తాలి. నేను బయట నిలబడి ఆయన చెయ్యినే చూస్తున్నాను. మొదట నాలుగైదుసార్లు ఎత్తాడు. తర్వాత చెయ్యి తొడ మీదే ఉండిపోయింది. లోపల అమ్మాయి ఒకదాని తర్వాత ఒకటి మీటలు తిప్పుతూనే ఉంది. ఆయన ముఖం బుద్ధిగా, పరీక్షకు కూర్చున్న పిల్లవాడి ముఖంలా ఉంది. తనకింకా చప్పుళ్ళు మొదలే పెట్టలేదని అనుకుంటున్నాడని నాకు అర్థమైంది.

కాగితం మీద గీత సగం దాకా నడిచి అక్కడినుంచి కిందికి పడిపోయింది. సన్నని చప్పుళ్ళు పోయాయని చెప్పారు. పక్షులు, కూతలు, ఫోన్ మోతలు, చిన్నపిల్లల గొంతులు. కొంత సాంచాలు ముందే తినేసి ఉంటాయి, మిగిలింది మందు తినేసింది. పోయినవి తిరిగి రావు.

డాక్టరు కంప్యూటర్లో మా యాప్ తెరిచి నావైపు తిప్పాడు. పదకొండో ప్రశ్న ఎదురుగా, రోజుకొకటి చొప్పున, పచ్చ గుండ్రాలు. ఒక్క పసుపు కూడా లేదు. చివరన ఒక ఎర్రది.

“ముప్పై ఎనిమిది రోజులు లేదు అని ఉంది, బహెన్” అన్నాడు హిందీలో.

అది మొదటినుంచీ ఉన్న మోత అనీ, సాంచాల చప్పుడు అనుకున్నామనీ, మందుది కాదు కదా అని లేదని నొక్కాననీ చెప్పాను. చెబుతుంటే నా మాటలు నాకే ఎవరివో అనిపించాయి. డాక్టరు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

“ఎక్కడి చప్పుడో తేల్చడం నా పని. ఉందో లేదో చెప్పడమే మీ పని” అన్నాడు.

మూడోసారి ఆ మందు ఇవ్వలేదు. ఇంకో మందు రాశారు. రక్తం పరీక్షలు మళ్ళీ చేసి, కణాల లెక్క సరిపోయేదాకా ఆగి, పదిరోజులు ఆలస్యంగా ఎక్కించారు. కరెంటు మాత్రం నడిచింది. కొత్త మందు పాతదానంత గట్టిదేనా అని అడిగాను. “చూద్దాం” అన్నాడు డాక్టరు. ఆయన పెదవులు మా ఆయన కూడా చూస్తున్నాడు. బస్సులో నా పక్కన కూర్చుని అరచేతి మీద వేలితో అడ్డంగా ఒక గీత గీసి చూపించాడు.

వైద్యం అయిపోయి ఇప్పటికి మూడు నెలలు. మెడ మీద చర్మం నల్లబడి ఊడి, కింద లేత చర్మం వచ్చింది. గొంతు కొంచెం తిరిగి వచ్చింది. వచ్చే నెల స్కానింగ్. గడ్డ పోయిందో లేదో అప్పుడు చెబుతారు. నాకు రోజూ భయంగానే ఉంటుంది. అయితే రెండు భయాలున్నప్పుడు ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయని ఇప్పుడు తెలిసింది. స్కానింగ్ గురించి కంగారుపడుతూ ఉంటాను, ఎవరో బిడ్డ పేరు పెట్టి పిలుస్తారు, అప్పుడు ఆ పిలుపు ఆయనకు వినబడదన్న రెండోది బయటికొస్తుంది.

చెవికి పెట్టుకునే మిషన్ ఒకటి పరీక్షకని ఇచ్చారు. పెట్టుకుని బిడ్డను దగ్గరకు పిలిచాడు. “బాపూ” అంది అది. ఆయన ముఖం ముడుచుకుపోయింది. రేకు మీద మేకుతో గీసినట్టు ఉందన్నాడు. మోత కూడా దానితోపాటే పెరిగిందన్నాడు. నాలుగు రోజులు చూసి డబ్బాలో పెట్టేశాడు. ఇంకో రకం ఉందట, స్కానింగ్ అయ్యాక చూద్దామన్నారు.

పక్క సాంచాల అన్న మొన్న వచ్చి, సేఠు మళ్ళీ పనిలోకి రమ్మంటున్నాడని చెప్పాడు. “షెడ్డుల చెవులతోని ఏం పని బావా?” అన్నాడు నవ్విద్దామని. అది ఒకప్పుడు మా ఆయన మాటేనని తెలియక అన్నాడు. మా ఆయన తలూపాడు. నిజమే, అక్కడ ఆయనకు ఏ లోటూ తెలియదు. ఇక్కడే, ఈ గదిలోనే.

పదకొండో ప్రశ్నకు ఇప్పుడు నేను రోజూ ఎర్రది నొక్కుతాను. మొదటి మూడు రోజులు నర్సు ఫోన్ చేసింది. నాలుగోరోజు మంచిగానే చెప్పింది. “దీదీ, ఆ సంగతి రికార్డులో రాసుకున్నాం. ఇక దానికి ఫోన్ చేయం. మీరు నొక్కుతూ ఉండండి.” నొక్కుతూనే ఉన్నాను.

బిడ్డను వీధి చివర పిల్లల బడిలో వేశాం. పోయిన వారం అక్కడి టీచర్ నన్ను ఆపింది. మీ పాప మాట్లాడదు, ఊరికే నోరు కదుపుతుంది, ఎవరికైనా చూపించారా అంది. ఇంటికొచ్చి గమనించాను. నిజమే. బాపుతో గొంతు అక్కర్లేదని అది నేర్చుకుంది. ఆయన దానికి నేర్పాడు కూడా, నీళ్ళంటే పెదవులు ఎలా పెట్టాలో, అన్నమంటే ఎలా తెరవాలో. పొద్దంతా ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని అదే పని. ఇప్పుడు దానికి పెదవులు బాగా తిరుగుతున్నాయి. ఆయనకు అన్నీ తెలుస్తున్నాయి. అది చూసి నేను సంతోషపడ్డాను కూడా. గొంతు ఎక్కడ వదిలేసిందో చూసుకోలేదు.

“గొంతు దీసి మాట్లాడుమని జెప్పు దానికి” అన్నాను ఆయనతో, పెదవులు కదుపుతూ.

“దీస్తలేదా?” అన్నాడు. ఆయనకెలా తెలుస్తుంది?

ఇవాళ సాయంత్రం ఏడింటికి ఫోన్ టింగుమంది. ఆయన గడ్డం పట్టుకుని తిప్పింది బిడ్డ. నేను ఎదురుగా కూర్చుని ఒక్కొక్క ప్రశ్న పెదవులతో అడిగాను. ఆయన వేళ్ళతో చెప్పాడు. పదకొండోదానికి చెయ్యి అటూ ఇటూ ఆడించాడు, అలాగే ఉందని. ఎర్రది నొక్కాను. పద్నాలుగూ అయ్యాయి. ధన్యవాదాలు అని వచ్చింది. ఫోన్ పక్కన పెట్టి, గోడవైపు తిరిగి, రేపటి బడి డబ్బా తుడుస్తూ కూర్చున్నాను. ఆదివారం, సాంచాలు బందు, ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. స్కానింగ్ గురించి ఆలోచిస్తున్నాను. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు.

రెండు చిన్న చేతులు వెనకనుంచి వచ్చి నా గడ్డం పట్టుకుని తిప్పాయి. బిడ్డ కళ్ళ నిండా నీళ్ళు. చెంపలు తడిసిపోయి ఉన్నాయి. నా వెనక నిలబడి ఎప్పటినుంచో అడుగుతోంది. నేను తిరిగి చూశాక మళ్ళీ అడిగింది, పెదవులు గుండ్రంగా పెట్టి, బాపు నేర్పినట్టు, చప్పుడు లేకుండా.

నాకు అర్థం కాలేదు.